ఒంటికాలి మీద డబుల్ బాస్

ఇబ్రహీంపట్నం మండలం కొండపల్లిలో బొమ్మల దుకాణానికి వెళితే అంబారీ ఏనుగు ఒకటి చేతికి తీసుకుని బల్లమీద పెట్టండి. తెల్లపొణికి కర్రతో చేసిన తేలికైన బొమ్మ అది. వేలితో పక్కకు తోస్తే కాస్త ఊగి మళ్లీ నిలబడుతుంది. మావటీడు, అంబారీ, అందులో కూర్చున్న రాజు, అందరి బరువూ కలిసి ఒక బిందువు దగ్గర ఉన్నట్టు లెక్క వేయొచ్చు. బడి పుస్తకాల్లో దాన్నే గరిమనాభి అన్నారు. ఆ బిందువు నుంచి కిందికి గీసిన నిలువు గీత నాలుగు కాళ్ల మధ్య పడుతున్నంతసేపూ ఏనుగు పడదు. కాళ్ల హద్దు దాటి బయట పడిన మరుక్షణం పడుతుంది. వస్తువులు నిలబడటం గురించి భౌతికశాస్త్రం చెప్పేదంతా దాదాపు ఇంతే.

ఇప్పుడు నిలువెత్తు మనిషంత పొడవు, పది కిలోల అటూఇటూ బరువు ఉండి, రూపాయి బిళ్లంత రబ్బరు మొన మీద నిలబడాల్సిన వస్తువును ఊహించండి. దానికి కాళ్ల మధ్య జాగా అనేదే లేదు. గరిమనాభి సరిగ్గా ఆ మొన మీదికి రావాలి. వెంట్రుకవాసి తప్పినా ఒరుగుతుంది. అదే డబుల్ బాస్. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో వయొలిన్ల కుటుంబానికి పెద్దన్న. దాని అడుగున ఉండే ఒంటికాలి పేరు ఎండ్‌పిన్. ఆ కాలు నిటారుగా ఉండాలా, వంగి ఉండాలా అన్నది డబుల్ బాస్ వాయించేవాళ్లు తరచూ వాదించుకునే విషయం. చూడ్డానికి చిన్న ఇనుప కడ్డీ గొడవ. లోతుకు వెళితే, మనిషి శరీరానికీ వాయిద్యానికీ మధ్య బరువును ఎవరు మోయాలన్న ప్రశ్న.

కృష్ణా తీరంలో డబుల్ బాస్‌ను కళ్లారా చూసినవాళ్లు తక్కువే. చెవులారా విన్నవాళ్లు మాత్రం లక్షల్లో ఉంటారు. మద్రాసు స్టూడియోల్లో పాటలు రికార్డు చేసిన రోజుల్లో సినిమా వాద్యబృందంలో ఒక మూల అది నిలబడి ఉండేది. పాత తెలుగు పాటల్లో పల్లవి కింద గుమ్ గుమ్‌మని నడిచే మంద్రనాదం చాలాచోట్ల దానిదే. దాని అతి మందమైన తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఆ ధ్వని తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు, అంటే మన ఇళ్లలో చాలా గదుల కంటే పొడుగు. అంత మంద్రం పలకాలంటే పొడుగు తీగ కావాలి, పెద్ద పొట్ట కావాలి. పెద్ద పొట్ట వస్తే బరువు వస్తుంది. బరువు వస్తే దాన్ని నిలబెట్టే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి.

మన దగ్గర ఇది పాత లెక్కే

డబుల్ బాస్ మనకు కొత్త. దాని ఇబ్బంది కొత్త కాదు. మన సంగీతం రెండు వాయిద్యాల విషయంలో ఈ లెక్కను చక్కగా తేల్చింది.

మొదటిది వయొలిన్. పద్దెనిమిదో శతాబ్దం చివర, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ ఈ పరాయి వాయిద్యాన్ని కర్ణాటక సంగీతానికి పట్టుకొచ్చాడు. ఐరోపాలో దాన్ని నిలబడి వాయిస్తారు. గడ్డానికీ భుజానికీ మధ్య నొక్కిపట్టుకుంటారు. గడ్డం ఆనించే చెక్కముక్కను జర్మన్ విద్వాంసుడు లూయీ ష్పోర్ 1820 ప్రాంతంలో కనిపెట్టేదాకా ఎడమచెయ్యి రెండు పనులు చేయాల్సి వచ్చేది. ఒకటి స్వరం నొక్కడం, రెండోది వాయిద్యం జారిపోకుండా పట్టుకోవడం. మనవాళ్లు ఆ చెక్కముక్క కోసం ఎదురుచూడలేదు. నేలమీద బాసింపట్టు వేసుకుని, కుడికాలు కాస్త ముందుకు చాచి, వయొలిన్ తలను చీలమండ మీద ఆనించారు. రెండో కొస ఛాతీకి, భుజానికి తగులుతుంది. రెండు ఆనికలు దొరికాయి, ఎడమచెయ్యికి మోసే పని తప్పింది. మోత తప్పిన చెయ్యి తీగ పొడవునా పైకీ కిందికీ జారగలదు. జారగలిగితేనే గమకం పలుకుతుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు, విజయవాడలో దశాబ్దాలపాటు శిష్యుల్ని తయారుచేసిన అన్నవరపు రామస్వామి వంటివారి చేతుల్లో వయొలిన్ గాత్రంలా పలకడానికి వారి సాధనే కారణం. అయితే ఆ సాధనకు వీలు కల్పించింది చీలమండ.

రెండోది వీణ. ఇబ్రహీంపట్నం నుంచి ఈశాన్యంగా వెళితే నూజివీడు. అక్కడ వీణలు చేసే కుటుంబాలు ఉన్నాయి. ఉత్తరాంధ్రలో బొబ్బిలి ఈ పనికి మరింత పేరున్న ఊరు. రెండుచోట్లా పనస కర్రే వాడతారు. కుండ బరువు. దండి పొడుగు. దండి చివర ఎడమవైపున బుర్ర ఉంటుంది. పూర్వం ఎండిన సొరకాయ బుర్ర, ఇప్పుడు ఎక్కువగా ఫైబరు. చూసినవాళ్లు అది నాదం పెంచడానికి ఉందనుకుంటారు. సరస్వతీ వీణలో అది నాదానికి చేసే సాయం స్వల్పం. దాని అసలు పని ఎడమ తొడమీద కూర్చుని దండి ఎత్తును సరిచేయడం. కుండ నేలమీద కుడిపక్కన ఆనుతుంది. అంటే వీణ బరువు నేల కొంత, తొడ కొంత పంచుకున్నాయి. ఎడమచేతి వేళ్లు మెట్టుమీద తీగను పక్కకు గట్టిగా లాగి రెండు మూడు స్వరాల ఎత్తు పలికించాలి. లాగిన ప్రతిసారీ వీణ కదిలిపోతే రాగం నిలవదు. ఇరవై నాలుగు మెట్లు స్థిరంగా అమర్చిన ఇప్పటి వీణ రూపాన్ని తంజావూరు రఘునాథ నాయకుడి కాలానికి, అంటే పదిహేడో శతాబ్దం తొలి భాగానికి ముడిపెడతారు. తెలుగులో కావ్యాలు రాసిన రాజు అతను.

ఈ రెండింటిలోనూ కనిపించే సూత్రం ఒకటే. స్వరం పలికించే చెయ్యి బరువు మోయకూడదు. నిలబడి డబుల్ బాస్ వాయించేవాడికి తొడ లేదు, చీలమండ లేదు. ఉన్నదల్లా ఆ కడ్డీ.

పది కిలోలు, ఒక వంపు

వంగిన కడ్డీ కథ డబుల్ బాస్‌తో మొదలవలేదు, చెల్లోతో మొదలైంది. బెల్జియం చెల్లో విద్వాంసుడు సెర్వే పంతొమ్మిదో శతాబ్దం నడుమ ఎండ్‌పిన్‌ను వాడుకలోకి తెచ్చేదాకా చెల్లోను పిక్కల మధ్య ఇరికించుకునేవారు. ఇరవయ్యో శతాబ్దంలో ఫ్రెంచి విద్వాంసుడు పాల్ తోర్తెలియే ఆ కడ్డీని వంచాడు. చెల్లో మరింత వాలి, నేలకు సమాంతరానికి దగ్గరగా వచ్చింది. రస్త్రపోవిచ్ కూడా దాన్ని చేపట్టాక ప్రపంచానికంతా తెలిసింది. డబుల్ బాస్‌లో ఈ పద్ధతికి ఎక్కువ ప్రచారం తెచ్చింది 1931లో సిరియాలోని అలెప్పోలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఫ్రాన్స్వా రబ్బాత్. ఫ్రాన్స్‌లోనే క్రిస్టియన్ లబోరీ అనే వాయిద్య నిర్మాత, ఉన్న కడ్డీని వంచే బదులు వాయిద్యం అడుగు దిమ్మలోనే ఏటవాలుగా బెజ్జం వేసి కొత్త కాలు దిగేసే పద్ధతి తెచ్చాడు. ఇవాళ సంతలో దొరికేవన్నీ ఈ రెండు దారుల్లో ఏదో ఒకదాని పిల్లలే.

అసలు ఎందుకు వంచాలి? బాస్‌ను వాయించేవాడు తన వైపుకు వాల్చుకుంటాడు. వాల్చితే రెండు లాభాలు. తీగ మీద ఎత్తు స్వరాలు భుజం దగ్గరకు వస్తాయి, వాటికోసం నడుం వంచి వాయిద్యం మీదికి పడాల్సిన పని తగ్గుతుంది. రెండోది కమాను. తీగలు నిటారుగా ఉంటే కుడిచెయ్యి బరువు తీగ మీద పడదు, కండబలంతో నొక్కాలి. తీగలు వాలేకొద్దీ చెయ్యి తన బరువుతోనే తీగను అదుముతుంది. నిలువు నుంచి పది డిగ్రీలు వాలితే చెయ్యి బరువులో ఆరో వంతు తీగకు అందుతుంది, ముప్పై డిగ్రీలు వాలితే సగం.

నష్టం కూడా ఆ వాలులోనే ఉంది. నిటారు కడ్డీ ఉన్న బాస్‌ను వాల్చగానే గరిమనాభి కాలి మొనను దాటి వాయించేవాడి వైపుకు వచ్చేస్తుంది. లెక్క కోసం కొన్ని గుండ్రటి అంకెలు తీసుకుందాం. బరువు పది కిలోలు. గరిమనాభి వాయిద్యం అడుగు అంచు నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. కడ్డీ బయటికి 30 సెంటీమీటర్లు. మొత్తం ఇరవై డిగ్రీలు వాల్చాం. అప్పుడు గరిమనాభి మొన నుంచి అడ్డంగా 31 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. అంటే పది కిలోలు 31 సెంటీమీటర్ల చేరువతో బాస్‌ను మనిషి మీదికి పడదోస్తుంటాయి. మెడ ప్రాంతంలో, నేల నుంచి 130 సెంటీమీటర్ల ఎత్తున దాన్ని ఆపాలంటే దాదాపు రెండు కిలోల నాలుగొందల గ్రాముల బలం ఎప్పుడూ నెడుతూ ఉండాలి. వినడానికి చిన్న సంఖ్యే. రెండు కిలోల కందిపప్పు పొట్లాన్ని ఎడమచేత్తో ముందుకు నెట్టిపట్టుకుని, అదే చేత్తో రెండు గంటలు స్వరాలు పలికించాలంటే చిన్నది కాదు.

ఇప్పుడు అదే కడ్డీని వాయిద్యం అక్షానికి 35 డిగ్రీలు వాయించేవాడి పాదాల వైపుకు వంచండి. వాలు అదే ఇరవై డిగ్రీలు. మొన వెనక్కి జరిగి గరిమనాభి కిందికి చేరువవుతుంది, మధ్య దూరం 31 నుంచి 13 సెంటీమీటర్లకు పడిపోతుంది. ఆపడానికి కావలసిన బలం ఒక కిలో. 45 డిగ్రీలు వంచితే అరకిలో పైమాట. కడ్డీ బరువేమీ తగ్గించలేదు, పది కిలోలూ అక్కడే ఉన్నాయి. వాటిని చేతికి బదులు నేలకు అప్పజెప్పింది, అంతే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఉంది. ప్రతి వంపుకూ తనదైన తూగే కోణం ఉంటుంది. పై అంకెల ప్రకారం 35 డిగ్రీల వంపున్న బాస్ నిలువు నుంచి పదకొండున్నర డిగ్రీలు వాలినప్పుడు తనంతట తాను తూగుతుంది. 45 డిగ్రీల వంపుకు ఆ కోణం దాదాపు 15 డిగ్రీలు. కడ్డీని 40 సెంటీమీటర్లకు పెంచితే 18 దాకా వెళుతుంది. పొడగరికి కడ్డీ పొడుగ్గా ఉంటుంది కాబట్టి వంపు వల్ల అతనికే ఎక్కువ లాభం. పొట్టివాళ్లు పెద్ద కోణం కొన్నా అంత తేడా కనిపించకపోవచ్చు. తూగే కోణం కంటే తక్కువ వాలులో నిలబెడితే గరిమనాభి మొనకు అవతలి వైపుకు పోయి బాస్ ముందుకు, అంటే వాయించేవాడికి దూరంగా పడుతుంది. నిటారు కడ్డీకి అలవాటుపడ్డ మనిషి పాట మధ్యలో చెమట తుడుచుకోవడానికి బాస్‌ను కాస్త నిటారు చేసి చెయ్యి వదిలాడంటే, అది కొత్త దిక్కున పడుతుంది. వంపు కడ్డీ బిగించిన మొదటి వారం బాస్‌ను గోడకో కుర్చీకో ఆనించకుండా చెయ్యి తీయకూడదు.

ఎంపిక

మొదట ఖర్చులేని పని చేయాలి. ఉన్న నిటారు కడ్డీ ఎత్తు సరిచూసుకోవాలి. మెడ పైకొసన తీగలు ఆనే నట్ కనుబొమల దగ్గరికి రావాలన్నది పాత లెక్క. దానికంటే ముఖ్యం కుడిచెయ్యి. వంగకుండా చెయ్యి వేలాడదీస్తే కమాను తీగను తాకాల్సినచోట తాకాలి. నడుంనొప్పి అని వంపు కడ్డీ కోసం వచ్చేవాళ్లలో కొందరి బాధ రెండంగుళాలు ఎత్తు పెంచితే పోతుంది.

అప్పటికీ కావాలనుకుంటే ఉన్న సాకెట్‌లో దూర్చే వంపు కడ్డీతో మొదలుపెట్టడమే తెలివి. డబుల్ బాస్ కడ్డీల్లో పది మిల్లీమీటర్ల మందం బాగా వాడుకలో ఉంది, ఎనిమిదివీ ఉన్నాయి. కొలిచి కొనాలి. దీని గొప్ప గుణం, నచ్చకపోతే మరలు విప్పి పాతది పెట్టుకోవచ్చు. చెడ్డ గుణం, గుండ్రటి కడ్డీ గుండ్రటి సాకెట్‌లో తిరుగుతుంది. నిటారు కడ్డీ తిరిగినా నష్టం లేదు. వంగినది తిరిగితే మొన పక్కకు పోయి వాయిద్యం మొత్తం బొంగరంలా మళ్లుతుంది. బిగింపు మర గట్టిగా పట్టేదిగా ఉండాలి, కడ్డీ మీద మర కూర్చునే చోట చిన్న చదును గీసి ఉంటే ఇంకా మేలు.

విజయవాడ ఆటోనగర్‌లో గానీ కొండపల్లి పారిశ్రామికవాడలో గానీ లేత్ మిషన్ ఉన్న ఏ కుర్రాడైనా ఇలాంటి కడ్డీ చేసిస్తాడు, లారీ స్టీరింగు భాగాలు చేసేవాడికి ఇదొక లెక్కా అనిపించవచ్చు. చేయగలడు కూడా. అయితే రెండు విషయాలు ముందే చెప్పాలి. ఒకటి, బలం. వంగిన చోట పది కిలోల బరువు పక్కకు ఎనిమిది సెంటీమీటర్ల చేరువతో పనిచేస్తుంది. పది మిల్లీమీటర్ల గట్టి కడ్డీలో దానివల్ల పుట్టే ప్రతిబలం మామూలు మెత్తని ఉక్కు వంగిపోయే హద్దులో మూడో వంతు మాత్రమే. కాబట్టి ఉక్కు చాలు. పల్చటి అల్యూమినియం గొట్టం చాలదు, పైగా ఎవరైనా పొరపాటున బాస్ మీద ఒరిగితే బరువు రెట్టింపవుతుంది. రెండు, మంటపెట్టి వంచిన ఉక్కును నీళ్లలో ముంచి గట్టిపరచవద్దు. పెళుసెక్కితే వంగే బదులు విరుగుతుంది. పాట మధ్యలో వంగిన కడ్డీ ఇబ్బంది, విరిగిన కడ్డీ ప్రమాదం.

లబోరీ తరహా కాలు వేరే దారి. గట్టి కర్రతోనో కార్బన్ ఫైబర్‌తోనో చేసిన తేలికైన కాలు, సాకెట్ లేదు, మర లేదు, ఏటవాలు బెజ్జంలో బిగుతుగా కూర్చుంటుంది. ఎత్తు మార్చాలంటే వేరే పొడవున్న కాలు పెట్టాలి. మోగే లోహపు ముక్కలేవీ లేకపోవడం దీని అందం. వాయిద్యానికి శాశ్వతంగా బెజ్జం పడటం దీని వెల.

బిగింపు

బెజ్జం దగ్గర తొందర పనికిరాదు. డబుల్ బాస్ తీగ ఒక్కోటి పాతిక నుంచి ముప్పై కిలోల బలంతో లాగుతుంది. నాలుగూ కలిస్తే వంద కిలోల పైన. ఆ లాగుడంతా కింద తీగలు కట్టే టెయిల్‌పీస్‌కు, దాన్నుంచి ఒక తీగతాడుకు, ఆ తాడు చుట్టుకున్న ఎండ్‌పిన్ బిరడాకు, బిరడా నుంచి అడుగు దిమ్మకు చేరుతుంది. అంటే మనం బెజ్జం వేయబోయే చెక్క ఖాళీగా కూర్చున్నది కాదు, పగలూ రాత్రీ వంద కిలోలు ఆపుతున్నది. బెజ్జం దిమ్మ అంచుకు దగ్గరగా వెళితే కర్ర నార వెంట చీలిక పుడుతుంది. కోణం తప్పితే వెనక పలకను పొడుచుకుంటుంది. అందుకే అద్దం, దీపం పెట్టి లోపల దిమ్మ మందం కొలిచి, కాగితం మీద పక్క చిత్రం గీసి, కోణం చూపే చెక్క దారిని అడుగున బిగించి, దాని గుండా నెమ్మదిగా దించాలి. మొదట సన్నటి బెజ్జం, తర్వాత రీమర్‌తో పెద్దది. ఇది వయొలిన్లు, బాస్‌లు బాగుచేసే నిపుణుడి పని. ఆటోనగర్ కడ్డీ చేస్తుంది, ఈ బెజ్జం వేయకూడదు. అలాంటివాడు దగ్గర్లో లేకపోతే సాకెట్ కడ్డీతో తృప్తిపడటం మంచిది.

కోణం ఎంతన్నది పుస్తకం చెప్పలేదు, బాస్ చెప్పాలి. ఇద్దరు మనుషులు కావాలి. బాస్‌ను మెత్తటి పరుపు మీద పక్కకు పడుకోబెట్టి, నడుం కింద చుట్టిన దుప్పటిని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఎక్కడ తూగుతుందో చూసి, ఆ చోట చిన్న కాగితం అంటించండి. గరిమనాభి ఎత్తు అది. తర్వాత వాయించేవాడు తనకు హాయిగా ఉన్న వాలులో బాస్‌ను పట్టుకుని నిలబడాలి. రెండోవాడు ఆ కాగితం దగ్గర పక్క పలక నడిమి నుంచి, తాపీమేస్త్రీ గోడ నిలువు చూసే దారపు గుండును వేలాడదీయాలి. గుండు నేలను తాకినచోటికి కాస్త ముందు, అంటే వాయించేవాడికి కొంచెం ఎడంగా, మొన ఉండాలి. సరిగ్గా గుండు కిందే పెడితే బాస్ అటూఇటూ తేలిపోతూ ఉంటుంది. చేతికి కొద్దిపాటి ఆనిక మిగలడమే మంచిది. నాకైతే అరకిలో నుంచి కిలో లోపు మిగిలేలా పెట్టుకోవడం సబబనిపిస్తుంది.

సాకెట్ కడ్డీలో మరో చిక్కుంది. వంపు వల్ల కడ్డీ సాకెట్ పెదవులను రెండు వైపులా ఎదురెదురుగా నొక్కుతుంది. సాకెట్ లోతు నాలుగు సెంటీమీటర్లయితే ఆ నొక్కుడు ఒక్కో పెదవి మీద ఇరవై కిలోలకు దగ్గర. వదులుగా ఉన్న బిరడా ఈ నొక్కుడుకు ఊగి, మంద్ర తీగ మీటగానే జర్రుమంటుంది. పల్చటి తోలు పట్టీ చుట్టడం తాత్కాలిక ఉపాయం. బిరడా తొడిగే బెజ్జాన్ని శంకువు ఆకారంలో సరిచేయించడం అసలు మందు. కృష్ణా తీరాన దీనికి రుతువు కూడా తోడవుతుంది. వానాకాలం తేమకు కర్ర ఉబ్బి బిరడా ఊడిరాదు, ఏసీ గదిలో నెలరోజులుంటే అదే వదులవుతుంది. వేసవిలో బిగించినదాన్ని వానలు పడ్డాక మరోసారి చూసుకోవాలి.

ఇక జారడం. వాలుగా ఉన్న కాలు ఎక్కువ జారుతుందని అందరూ భయపడతారు. స్థిరంగా నిలిచి ఉన్నప్పుడు లెక్క వేరుగా చెబుతుంది. నేల మీద మొనను పక్కకు నెట్టే బలం, పైన చెయ్యి నెట్టే బలంతో సమానం కావాలి, లేకపోతే వాయిద్యం నిలవదు. చెయ్యి నెట్టే బలం రెండు కిలోల నుంచి ఒకటికి తగ్గితే మొన మీద జారుడు కూడా అంతే తగ్గుతుంది. మరి జనం ఎందుకు జారుతుందంటారు? రబ్బరు మొన మూలాన. నిటారు కడ్డీ కోసం చేసిన చదును రబ్బరు వంగిన కడ్డీకి తొడిగితే అంచు మాత్రమే నేలను తాకుతుంది. గుండ్రటి బంతిలాంటి రబ్బరు కావాలి. మన ఇళ్లలో మెరిసే గ్రానైటు, టైల్సు మీద కాస్త దుమ్మున్నా రబ్బరు పట్టు వదిలేస్తుంది, కాబట్టి కింద జంపఖానా కంటే మందపాటి రబ్బరు చాప మేలు. జంపఖానాయే జారుతుంది.

మొన ఎటు చూస్తున్నదన్నది చివరి సర్దుబాటు. కమాను తీగను పక్కకు లాగినప్పుడల్లా వాయిద్యం మొన చుట్టూ మళ్లాలని చూస్తుంది. వంపుతో మొన వెనక్కి వెళ్లింది కాబట్టి కమాను గీతకూ మొనకూ మధ్య దూరం పెరిగి, ఆ మళ్లుడు కూడా కొంత పెరుగుతుంది. ఎడమ మోకాలిని వాయిద్యం వెనక అంచుకు తాకించి దాన్ని ఆపుతారు. సాకెట్ కడ్డీ ఉన్నవాళ్లు దాన్ని ఒకటి రెండు డిగ్రీలు అటూఇటూ తిప్పి, కమాను లాగుతూ చూసి, మళ్లుడు తక్కువ ఉన్నచోట బిగించుకోవచ్చు. దిమ్మలో బెజ్జం వేశాక ఆ అవకాశం ఉండదు. కొన్ని నెలలు సాకెట్ కడ్డీతో వాయించి, తన కోణం తెలుసుకున్నాకే బెజ్జం గురించి ఆలోచించాలని నేననడానికి ఇదే పెద్ద కారణం.

కార్బన్ కాలు పెట్టగానే నాదం వికసించిందని, టైటానియం పెట్టగానే మంద్రం లోతెక్కిందని అమ్మేవాళ్లు చెబుతారు. నాదం ప్రధానంగా ముందు పలక నుంచి, పొట్టలోని గాలి నుంచి వస్తుంది. కాలి ద్వారా నేలకు కొంత కంపనం చేరే మాట నిజం. బోలు చెక్క వేదిక అయితే అది కూడా కొద్దిగా పలుకుతుంది. సిమెంటు నేల మీద గ్రానైటు పరిచిన మన సభాభవనాల్లో కదిలేది ఏముంటుంది? వాయించేవాడి భుజం వదులై, కమాను బరువుగా పడి నాదం పెరిగితే దాని ఘనత కడ్డీ లోహానిది కాదు. ఈ ఒక్క విషయంలో కొనేవాళ్లు జేబు జాగ్రత్తగా చూసుకోవాలి.

స్టూలు మీద కూర్చుని వాయించేవాళ్లకు ఎడమ మోకాలు ఇప్పటికే రెండో ఆనిక కాబట్టి వంపు వల్ల లాభం తక్కువ. వేళ్లతో మీటుతూ జాజ్ వాయించే, బాస్‌ను దాదాపు నిటారుగా పట్టుకునేవాళ్లకు అది అడ్డం కూడా. నిలబడి, కమానుతో, ఎత్తు స్వరాల్లో ఎక్కువసేపు ఉండే పొడగరి వాద్యకారుడికే వంపు కడ్డీ నిజంగా పనికొస్తుంది. అమెరికాలో బడి ఆర్కెస్ట్రాలో చేరి డబుల్ బాస్ ఎత్తుకున్న మనవడో మనవరాలో భుజం నొప్పి అని ఫోన్‌లో చెబితే, వంపు కడ్డీ కొనిపెట్టే ముందు రెండు విషయాలు అడగండి: కడ్డీ ఎంత ఎత్తులో ఉంది, ఎడమచెయ్యి మెడ మీంచి తీసేస్తే బాస్ ఎటు పడుతుంది. తన మీదికి గట్టిగా పడుతుందంటే వంపు గురించి గురువుతో మాట్లాడమనండి. పెరిగే పిల్లల వాయిద్యానికి మాత్రం బెజ్జం వేయించవద్దు. ఏడాది తిరిగేసరికి వాళ్ల ఎత్తు మారుతుంది, కోణం మారుతుంది, బడి వాళ్లు ఇచ్చిన బాస్ తిరిగి ఇచ్చేయాల్సి రావచ్చు కూడా.